ఇంకు చుక్కెడు, చుట్టూ ప్లాస్టిక్ బోలెడు

పోయిన సంచికలో ఇంటి ప్రింటర్‌తో పేజీకి ఎంత ఖర్చవుతుందో లెక్క రాస్తే, ఉత్తరాలు రాసినవాళ్లలో చాలామంది ఖర్చు సంగతి వదిలేసి ఇంకు డబ్బాల ప్లాస్టిక్ మీద పడ్డారు. అందులోనూ విశాఖ వాళ్లే ఎక్కువ. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేశాను. పేర్లు వేయొద్దని చాలామంది అడిగారు కాబట్టి ఎవరివీ వేయడం లేదు.

ప్రశ్న: పిల్లల స్కూలు ప్రాజెక్టుల కోసం ఇంట్లో చిన్న ప్రింటర్ పెట్టుకున్నాం. కార్ట్రిడ్జ్ కొంటే ముందు అట్టపెట్టె, దాని మీద సన్నటి ప్లాస్టిక్ పొర, లోపల వెండి రంగు కవరు, అందులో ఒక క్లిప్పు, క్లిప్పు తీస్తే టేపు. ఇవన్నీ విప్పుకుంటూ పోతే చివరికి అగ్గిపెట్టంత డబ్బా. ఇదంతా నిజంగా అవసరమేనాండీ, లేక డబ్బుకి తగ్గ సరుకులా కనిపించడానికా? (గృహిణి, ఎంవీపీ కాలనీ)

జవాబు: కొంత అవసరమే, కొంత కాదు. రెంటినీ ఒకే గాటన కట్టి తిడితే అనవసరమైనది తప్పించుకుంటుంది.

ఇంక్‌జెట్ ఇంకులో ఎక్కువ భాగం నీళ్లే. మిగతాది రంగు, త్వరగా ఆరిపోకుండా చూసే గ్లైకాల్ లాంటి ద్రవాలు. ఆ నీళ్లు ఆవిరైతే ఇంకు చిక్కబడి, వెంట్రుక కన్నా సన్నగా ఉండే నాజిళ్లలో (ఇంకు చిమ్మే రంధ్రాల్లో) గట్టిపడిపోతుంది. గాలి లోపలికి చేరితే ఇంకో బాధ, అది బుడగలై నాజిల్ దగ్గర అడ్డంపడి ప్రింటులో తెల్ల గీతలు వస్తాయి. మామూలు ప్లాస్టిక్ కవరు చూడ్డానికి గట్టిగా ఉన్నా గాలినీ, నీటి ఆవిరినీ నెమ్మదిగా వదిలేస్తూనే ఉంటుంది. అందుకే అల్యూమినియం పొర ఉన్న వెండి కవరు వాడతారు. నాజిల్ మీద టేపు, దాన్ని పట్టి ఉంచే క్లిప్పు కూడా అందుకే. కాబట్టి కార్ట్రిడ్జ్ ఈ తీరులో ఉన్నంతకాలం ఇవి తప్పవు.

పెట్టె మీద పొర సంగతి వేరు. దుమ్ము పడకుండా, ఎవరూ విప్పలేదని కొనేవాళ్లకి నమ్మకం కలగడానికి వేస్తారు. మూతకి చింపితే చిరిగే కాగితం సీలు అంటిస్తే ఆ పని అయిపోతుంది, మందుల పెట్టెలకి కొన్నిటికి అదే కదా ఉంటుంది. పెట్టె సైజు కూడా అంతే, షెల్ఫులో కనబడాలనీ నాలుగైదు భాషల్లో హెచ్చరికలు అచ్చేయాలనీ పెంచుకుంటూ పోయారు. బయటి దేశాల్లో ఇంకా ఘోరం, కార్ట్రిడ్జ్‌ని అరచేతి కన్నా పెద్ద గట్టి ప్లాస్టిక్ పలకలో బిగించి కొక్కేలకి తగిలిస్తారు, ఎవరూ జేబులో వేసుకుపోకుండా.

ఇంతా చెప్పి అసలు సంగతి చెప్పకపోతే ఎలా, మీరు విప్పి పారేసిన వాటన్నిటి కన్నా ఎక్కువ ప్లాస్టిక్ ఆ అగ్గిపెట్టంత డబ్బాలోనే ఉంది. అయిపోయిన కార్ట్రిడ్జ్ ఒకటి విప్పి చూడండి (గ్లౌజులు వేసుకుని, కింద పాత పేపరు పరిచి). గట్టి ప్లాస్టిక్ గోడలు, అతికించిన మూత, లోపల ఇంకు పీల్చుకుని ఉండే స్పాంజి, జల్లెడ లాంటి చిన్న ఫిల్టరు, అడుగున నాజిళ్ల పలక, పక్కన మెరిసే రాగి గీతల పట్టీ. అంటే చాలా చిన్న ప్రింటర్లలో అచ్చు వేసే తలకాయ కూడా కార్ట్రిడ్జ్‌లోనే ఉంటుంది. ఇంకు అయిపోయిన ప్రతిసారీ బాగా పనిచేస్తున్న తలకాయని కూడా చెత్తలో పడేస్తున్నాం. అదీ ఏ నూరు, నూట ఎనభై పేజీలకో.

దీనికి ఎప్పుడో వచ్చిన మార్గం ట్యాంకు, అంటే ప్రింటర్‌లోనే ఉండి సీసాతో నింపుకునేది. ఎప్సన్ 2010లో ఇండోనేషియాలో ఇంకు ట్యాంకు ప్రింటర్లు మొదలుపెట్టింది. అప్పటికే అక్కడా ఇక్కడా షాపులవాళ్లు మామూలు ప్రింటర్ పక్కన ఇంకు డబ్బాలు పెట్టి, సన్నటి పైపులు లోపలికి లాగి నడిపించేసేవాళ్లు. తర్వాత కెనాన్, హెచ్‌పీ, బ్రదర్ అన్నీ ఆ దారే పట్టాయి. ఎప్సన్ 003 నల్ల ఇంకు సీసా 65 మిల్లీలీటర్లు, కంపెనీ లెక్క ప్రకారం 4,500 పేజీలు. మీ చిన్న కార్ట్రిడ్జ్‌లతో అన్ని పేజీలు రావాలంటే ఇరవైకి పైనే కొనాలి, అంటే ఇరవై వెండి కవర్లు, ఇరవై క్లిప్పులు, ఇరవై తలకాయలు. ఇటు చూస్తే ఒక సీసా, ఒక మూత.

అలాగని రేపే డాబాగార్డెన్స్ వెళ్లి ట్యాంకు ప్రింటర్ కొనేయమని మాత్రం చెప్పను. ప్రింటరే నాలుగు కిలోల దగ్గర ఉంటుంది, అందులో ఎక్కువ ప్లాస్టిక్కే. నెలకి పది పేజీలు తీసే ఇంటికి ఉన్న ప్రింటర్ పనిచేస్తుంటే అదే నడిపించండి, లేదా పెన్‌డ్రైవ్ పట్టుకుని సందు చివర జిరాక్స్ షాపుకి వెళ్లండి. నెలకి రెండు మూడొందల పేజీలు తీసేవాళ్లకైతే ట్యాంకు తప్ప వేరే మాట లేదు.

ప్రశ్న: మద్దిలపాలెంలో జిరాక్స్, ప్రింటింగ్ షాపు నడుపుతున్నాను. ఖాళీ ఇంకు సీసాలు మూట కట్టి ఉంచితే పాత సామాన్లు కొనే అతను 'షాంపూ డబ్బాలుంటే ఇయ్యి, ఇవి నాకొద్దు' అని పోయాడు. ప్లాస్టిక్ ప్లాస్టిక్కే కదా, అతనికేం నొప్పి?

జవాబు: అతన్ని తప్పు పట్టకండి, అతని లెక్క అతనిది. సీసా అడుగున మిగిలిన ఇంకు కారితే మూటలో ఉన్న మంచి సరుక్కి కూడా రంగు పట్టేస్తుంది, రంగు పట్టిన సరుక్కి రేటు పడిపోతుంది. పైగా సీసా ఒక రకం ప్లాస్టిక్, మూత ఇంకో రకం, కొన్ని మూతల్లో ఇంకు ఒలక్కుండా ఆపే రబ్బరు లాంటి చిన్న వాల్వు, ఒంటి మీద గట్టిగా అంటిన లేబులు. వీటిని విడదీస్తూ కూర్చుంటే ఆయనకి పూట గడవదు. వెనక్కి తీసుకున్నాక ఏమవుతుందో ఆలోచించకుండా సీసా తయారుచేస్తే చివరికి నష్టం వచ్చి పడేది ఇలా సైకిలు మీద తిరిగే మనిషి మీద.

మీరు చేయగలిగింది కొంత ఉంది. ట్యాంకులో ఇంకు పోశాక సీసాని వెంటనే తీసేయకుండా ఇంకో రెండు నిమిషాలు బోర్లించి ఉంచండి, గోడలకి పట్టుకున్నది దిగుతుంది, మీ డబ్బులే కదా. మూత బిగించండి. అడుగున త్రికోణంలో అంకె చూడండి, 1 అంటే పెట్, నీళ్ల బాటిల్ రకం, 2 అంటే షాంపూ డబ్బాల రకం, 5 అంటే టిఫిన్ డబ్బాల రకం, 7 అంటే ఏదీ కానిది, దానికి బేరం దొరకడం కష్టం. అంకెల ప్రకారం విడివిడి సంచుల్లో వేసి, చిల్లరగా కాకుండా బాగా పోగయ్యాక పెద్ద స్క్రాప్ షాపుకి మీరే తీసుకెళ్తే మాట వేరుగా ఉంటుంది.

ఒక్కటి మాత్రం చేయకండి, సింకులో కడగొద్దు. కడిగిన రంగు నీళ్లు కాలువలోకి, అక్కడి నుంచి గెడ్డలోకి (వాగులోకి) పోతాయి, మన గెడ్డలు పోయేది సముద్రంలోకేనని విశాఖ వాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

ప్రశ్న: ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను సార్. మినీ ప్రాజెక్టుకి ఇంకు సీసా డిజైన్ మార్చి ప్లాస్టిక్ తగ్గించాలని అనుకుంటున్నాం. మా టీంలో ఒకళ్లు గోడ మందం తగ్గిద్దామంటారు, ఒకళ్లు సీసా బదులు పౌచ్ అంటారు, ఒకళ్లు కాగితం సీసా అంటారు. ఏది మంచిది? (ఆంధ్రా యూనివర్సిటీ దగ్గరి హాస్టల్ నుంచి)

జవాబు: ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాకు బాగా నచ్చింది ఇదే, కాస్త ఎక్కువే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మీ ముగ్గురూ వదిలేసినది ఒకటుంది, సైజు. ఒకే ఆకారంలో ఒకే గోడ మందంతో సీసా చేసినప్పుడు, లోపల పట్టే ఇంకు రెట్టింపైతే గోడకి పట్టే ప్లాస్టిక్ రెట్టింపు అవదు, సుమారు 1.59 రెట్లే అవుతుంది (రెండుకి మూడింట రెండు వంతుల (2/3) ఘాతం వేసి చూడండి). అంటే రెండు చిన్న సీసాల బదులు ఒక పెద్ద సీసా అమ్మితే గోడల్లోనే 20 శాతం మిగులు, ఇంకా ఒక మూత మిగులు. నాలుగింతల సీసా అయితే మిగులు 37 శాతం దాకా వెళ్తుంది. కొత్త ప్లాస్టిక్ కనిపెట్టక్కర్లేదు. ఇబ్బందల్లా పెద్ద సీసా ఒక్కసారి పోస్తే అయిపోదు, మూత తీసి దాచుకోవాలి, ఇంట్లో వాడేవాళ్లకి ఏడాది దాటినా అవదు, అప్పుడు ఇంకే పాడైపోతుంది. కాబట్టి షాపులకి పెద్దది, ఇంటికి చిన్నది. అన్నిటికీ ఒకటే సీసా అని గిరిగీసుకోకండి.

తర్వాత ఆకారం. ఎత్తూ వ్యాసం సమానంగా ఉన్న గుండ్రటి సీసాకి, అంతే ఇంకు పట్టే ఘనాకారపు సీసా కన్నా 8 శాతం దాకా తక్కువ ప్లాస్టిక్ పడుతుంది. సంతోషించే లోపే ఇంకో లెక్క చూడండి. గుండ్రటి సీసాల్ని వరసగా పెట్టెలో పేరిస్తే మధ్య సందుల్లో 21 శాతం చోటు ఖాళీ. ఆ ఖాళీకి అట్ట కావాలి, లారీలో చోటు కావాలి. మూలలు గుండ్రంగా చెక్కిన చతురస్రపు సీసా మధ్యేమార్గం. ఇలాంటి చోట్ల ఒక్క సీసా బరువు చూసి మురిసిపోకుండా పెట్టె మొత్తాన్ని తూకం వేయండి, వంటింటి కాటా చాలు.

గోడ మందం తగ్గించడం మంచి ఆలోచనే, కానీ ఇంకు సీసాని నొక్కితే ఇంకు చిమ్మకూడదు, మే నెల ఎండలో డెలివరీ బండి డిక్కీలో ఉన్నా ఉబ్బకూడదు, చేతిలోంచి జారి గచ్చు మీద పడినా పగలకూడదు. మందం తగ్గించిన ప్రతి నమూనాకీ ఈ పరీక్షలు పెట్టండి. గోడ అంతా ఒకేలా పలచన చేయడం కన్నా, మూలల్లో నిలువు గాడులు పెట్టి మధ్యలో పలచన చేస్తే సీసా నిలబడుతుంది.

మెడ దగ్గర ఎక్కువసేపు కూర్చోండి. కొన్ని ట్యాంకు ప్రింటర్ల సీసాలు చూశారా, బోర్లించి గుచ్చితేనే ఇంకు దిగుతుంది, ట్యాంకు నిండగానే దానంతటదే ఆగిపోతుంది. ట్యాంకు మూతి దగ్గర రెండు సన్నటి దారులుంటాయి, ఒకదాంట్లో ఇంకు కిందికి, రెండోదాంట్లో గాలి పైకి. ఇంకు మట్టం గాలి దారిని మూసేసిందా, సీసాలోకి గాలి వెళ్లక ఇంకు ఆగిపోతుంది. పంపు లేదు, చిప్పు లేదు. కొన్నిటికి ఏ రంగు సీసా ఆ రంగు ట్యాంకులోనే దూరేలా మూతి గాడులు వేరువేరుగా కూడా ఉంటాయి. ఇదే నాకు తెలిసిన మంచి డిజైన్, ఎందుకంటే పొరపాటున వేరే రంగు పోసి ఒక ట్యాంకు ఇంకంతా పారబోసుకోవడం ఉండదు, పారబోసిన ఇంకుతో పాటు దాని సీసా కూడా దండగే కదా. కాకపోతే ఆ మూతలో వాల్వు వేరే పదార్థం. మీ ప్రాజెక్టుకి అసలు చిక్కుముడి ఇదే, చేతికి రంగు అంటకుండానే సీసా, మూత, లేబులు అన్నీ ఒకే రకం ప్లాస్టిక్‌తో చేయగలరా? లేదా కనీసం వాల్వుని రెండు వేళ్లతో పీకి తీసేసేలా పెట్టగలరా? దీని మీద ఆరు నెలలు పనిచేసినా దండగ కాదు.

భుజాల సంగతి మరిచిపోకండి. మెడకీ ఒంటికీ మధ్య మెట్టులాగా ఉంటే బోర్లించినప్పుడు ఆ మెట్టు మీద ఇంకు ఆగిపోతుంది. వాలుగా ఉంటే జారిపోతుంది, ఖాళీ సీసా శుభ్రంగా ఉంటుంది, మద్దిలపాలెం షాపు దగ్గర మూట విప్పిన మనిషికి అంత విసుగు రాదు.

పౌచ్‌కి వస్తే, సీసా కన్నా చాలా తేలిక. కాటా మీద పౌచ్ గెలుస్తుంది. కానీ ఇంకు పాడవకుండా ఉండాలంటే దానికి అల్యూమినియం పొర కావాలి, ప్లాస్టిక్, లోహం కలిసి అతుక్కుపోయిన దాన్ని విడదీసే వసతి మామూలు స్క్రాప్ వాళ్ల దగ్గర ఉండదు, అందుకని ఎవరూ కొనరు, నేరుగా కాపులుప్పాడ చెత్త యార్డుకే. ఎక్కువ ప్రింట్లు తీసే ఆఫీసు మిషన్లలో పెద్ద ఇంకు సంచులు ఎప్పుడో వచ్చాయి, ఒక్కో సంచితో వేల పేజీలు. అక్కడ కంపెనీ మనిషే వచ్చి పాతది పట్టుకెళ్లే ఏర్పాటుంటే పౌచ్ బాగానే పనికొస్తుంది. ఇళ్లకి అమ్మితే మాత్రం నేను సీసా వైపే.

కాగితం సీసాకి లోపల ప్లాస్టిక్ పూత లేకపోతే నీళ్లే ఆగవు, ఇంకు ఎక్కడ ఆగుతుంది. పూత వేశాక అది కాగితమూ కాదు, ప్లాస్టికూ కాదు. కాగితాన్ని బయటి పెట్టెకీ, లోపల థర్మాకోల్ బదులు పెట్టే గుజ్జు అట్టకీ వాడండి, అక్కడ దానికి తిరుగు లేదు.

ఒకటి అడగకుండానే చెప్తున్నాను, నివేదికలో 'ప్లాస్టిక్ ఇన్ని గ్రాములు తగ్గించాం' అని రాయకండి, 'వెయ్యి పేజీలకి ఇన్ని గ్రాములు' అని రాయండి. చిన్న సీసా చేసి ప్లాస్టిక్ తగ్గించామని చెప్పుకోవడం ఎవరికైనా చేతనవుతుంది.

ప్రశ్న: జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) 2022 జూన్ 5 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ మీద నిషేధం పెట్టింది. మరి ఇంకు పెట్టెల చుట్టూ ఆ పల్చటి పొరని ఎవరూ ఎందుకు ఆపరు? (రిటైర్డ్ ఉద్యోగి, సీతమ్మధార)

జవాబు: జాబితాలో లేదు కాబట్టి. 2022 జూలై 1 నుంచి దేశమంతా అమల్లోకి వచ్చిన నిషేధంలో స్వీటు డబ్బాలు, శుభలేఖలు, సిగరెట్ పెట్టెల చుట్టూ వేసే పొర ఉంది. ఇంకు పెట్టె చుట్టూ వేసేది లేదు. పొర అదే, పని అదే, పెట్టె మారిందంతే. దానికి బదులు తయారీదారు అమ్మిన ప్యాకింగ్‌లో కొంత వెనక్కి తీసుకుని రీసైకిల్ చేయించాలన్న బాధ్యత చట్టంలో ఉంది. నా ఉద్దేశంలో ఈ ఒక్క పొర విషయంలో నిషేధమే సులువు, ఎందుకంటే ఆ పల్చటి ముక్కని ఏరి వెనక్కి పంపేవాడు ఎవడూ ఉండడు.

ప్రశ్న: అయిపోయిన కార్ట్రిడ్జ్ ఏ బుట్టలో వేయాలి? పొడి చెత్త వేసే నీలం బుట్టలో వేస్తున్నాం. (గాజువాక)

జవాబు: నీలంలో వద్దు. మన దేశ నిబంధనల్లో కార్ట్రిడ్జ్ ఈ-వేస్ట్ (ఎలక్ట్రానిక్ చెత్త) కింద వస్తుంది, జాబితాలో 'కార్ట్రిడ్జ్‌లతో సహా ప్రింటర్లు' అని విడిగా రాసే ఉంది. కొత్త ఈ-వేస్ట్ నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి, వాటి ప్రకారం అది అనుమతి ఉన్న రీసైక్లర్‌కే చేరాలి. కొన్ని కంపెనీలు తమ కార్ట్రిడ్జ్‌లని వెనక్కి తీసుకుంటాయి, హెచ్‌పీ అయితే 1991లోనే ఈ పథకం మొదలుపెట్టింది, పాత కార్ట్రిడ్జ్‌లతో పాటు నీళ్ల బాటిళ్లు, బట్టల హ్యాంగర్ల ప్లాస్టిక్ కూడా కలిపి కొత్తవి చేస్తుంది. మీ కంపెనీ వెబ్‌సైట్‌లో వెతకండి, ఒక్కటొక్కటిగా కాకుండా అపార్ట్‌మెంట్ వాళ్లంతా కలిసి ఒక అట్టపెట్టెలో పోగేసి ఇస్తే పని సులువు. అప్పటిదాకా టేపు మళ్లీ అంటించి జిప్ కవర్లో ఉంచండి.

ప్రశ్న: రీఫిల్ చేయించిన కార్ట్రిడ్జ్ పెడితే ప్రింటర్ ఒప్పుకోవడం లేదు. చిప్పు అంటున్నారు. ఆ చిప్పు లేకపోతే ప్రింటర్ నడవదా? (నెట్ సెంటర్, గోపాలపట్నం)

జవాబు: చిప్పంటే ఆ కార్ట్రిడ్జ్ ఏదో, ఎంత మిగిలిందో ప్రింటర్‌కి చెప్పే చిన్న ముక్క. అది లేకపోయినా కొన్నిటిలో నడుస్తుంది. 2022లో చిప్పుల కొరత వచ్చినప్పుడు కెనాన్ కొన్ని ఆఫీసు మిషన్లకి చిప్పు లేకుండానే టోనర్ (ఇంకు బదులు వాడే పొడి) కార్ట్రిడ్జ్‌లు అమ్మి, స్క్రీన్ మీద వచ్చే హెచ్చరికని ఎలా దాటేయాలో జర్మనీలో వినియోగదారులకి తనే చెప్పింది. పోయిందల్లా టోనర్ ఎంత మిగిలిందో చూపించే మీటరు. కాబట్టి కొనేముందే అడగండి, 'రీఫిల్ చేస్తే తీసుకుంటుందా' అని. డీలర్ నసిగితే ఆ మోడల్ వదిలేయండి. ఇప్పటికే కొన్నదానికైతే రీఫిల్ చేసే షాపుల దగ్గర చాలా మోడళ్లకి విడిగా చిప్పు దొరుకుతుంది, వారంటీ ఉంటే మాత్రం ఆ గొడవలోకి దిగకండి.

ప్రశ్న: మాది లేజర్ ప్రింటర్, 12ఏ కార్ట్రిడ్జ్. ఇంకే లేదు కదా, మాకు ఈ ప్లాస్టిక్ గొడవ ఉండదుగా? (అడ్వకేట్ ఆఫీసు, అసిల్‌మెట్ట)

జవాబు: ఆ టోనర్ పొడే ప్లాస్టిక్ అండీ, రంగు కలిపిన ప్లాస్టిక్ పిండిని వేడి చేసి కాగితానికి అతికిస్తుంది మీ ప్రింటర్. అయితే మీకో మంచి సంగతి, 12ఏ అంత సులువుగా రీఫిల్ అయ్యే కార్ట్రిడ్జ్ ఇంకోటి లేదు, ద్వారకానగర్ చుట్టుపక్కల కుర్రాళ్లు మాట్లాడుతూనే విప్పి నింపేస్తారు. కొత్తది 2,000 పేజీలు ఇస్తుంది, ఆ పెద్ద నల్లటి డబ్బాని ఒక్క వాడకానికి పారేయడం అన్యాయం. నింపించిన ప్రతిసారీ వాడేసిన పొడి చేరే అరని కూడా ఖాళీ చేయించండి, అది నిండిపోతే కాగితం మీద నల్ల మరకలు వస్తాయి. అక్షరాల పక్కన ఒకే దూరంలో చుక్కలు మొదలైతే డ్రమ్ము (పొడిని కాగితం మీదికి చేర్చే గొట్టం) అరిగినట్టు, డబ్బా అదే ఉంచి డ్రమ్ము మార్చమనండి. పొడి నేల మీద ఒలికితే మామూలు వాక్యూమ్ క్లీనర్ పెట్టకండి, అంత సన్నటి పొడి దాని ఫిల్టర్‌లోంచి గదంతా లేస్తుంది. తడిగుడ్డతో తుడవండి. చొక్కా మీద పడితే దులిపి చల్లటి నీళ్లతోనే ఉతకండి, వేడి నీళ్లు తగిలితే పొడి కరిగి బట్టకి పట్టేస్తుంది.